దూలానికో పేరు

మా విచారణ గుడిలో, అంటే మా చుట్టుపక్కల ఊళ్ళ కేథలిక్కులందరి చర్చిలో, కూర్చుని తల పైకెత్తితే ముందు పేర్లు కనిపిస్తాయి. ఫ్యాను రెక్క మీద ఫలానావారి జ్ఞాపకార్థం, ట్యూబులైటు పట్టీ మీద ఫలానా దంపతుల కానుక, బెంచీ వీపు మీద ఫలానా శాఖలో పనిచేసి రిటైరైన ఫలానాయన. తీర్థపు నీళ్ళ తొట్టి మీద కూడా ఒక పేరుంది. వేలు ముంచి సిలువ గుర్తు వేసుకునే ప్రతివాళ్ళూ ముందు దాన్ని చదవాల్సిందే. ఇప్పుడు ఆ పేర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పూజ సగంలో కూడా మండుతుంది.

పేరు రాయించుకోవడం మావాళ్ళకు ఎందుకంత ముఖ్యమో నాకు తెలియక కాదు. మా తాతను ఊళ్ళో ఎవరూ నిండు పేరుతో పిలిచి ఎరగరు. పట్టా కాగితంలో ఆయన పేరు లేదు, ఎందుకంటే పట్టాయే లేదు. ఈ గుడి కట్టేటప్పుడు మా అవ్వ నిండు నెలలతో సున్నం తట్టలు మోసింది. గోడలోని రాతి పలక మీద విదేశం నుంచి వచ్చిన స్వాములవారి పేరుంది, అవ్వ పేరు ఉండాలని ఎవరికీ తోచలేదు. అలాంటి ఇళ్ళ పిల్లలు చదువుకుని, నౌకరీ సంపాదించి, ఒక ఫ్యాను కొని దాని మీద నాయిన పేరు రాయించుకుంటే తప్పు పట్టే మనిషిని కాదు నేను. మా నాయిన పోయినప్పుడు మా అమ్మ కూడా బెంచీ చేయించింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే రేపు మా కమిటీ వాళ్ళు నన్ను పట్నం గాలి సోకినదాన్ని అంటారు.

మా ఊరు జడ్చర్ల నుంచి బస్సులో లోపలికి పోవాలి. గుడి, ఫాదర్ గారి బంగళా, ఆడపిల్లల బోర్డింగు, మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి, మూడూ దాదాపు ఒకే వయసువి. మూడింటిలో ఎక్కువ పాడైంది బోర్డింగు. పెంకుల కప్పు, కింద చెక్క దూలాలు, ఆ దూలాల్లో చెద. నేను ఆ బోర్డింగులోనే చదువుకున్నాను. లెక్కల టీచరుగా రిటైరై ఊరికి తిరిగొచ్చాక సాయంత్రాలు అక్కడి పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలందరూ మా మతం వాళ్ళేమీ కాదు. తండాల పిల్లలు, గొర్లు కాసేవాళ్ళ పిల్లలు, అమ్మానాయినలు పనికోసం బొంబాయి పోతే ఇక్కడ ఉండి బడికి పోయే పిల్లలు. బోర్డింగు ఉంటే బడి ఉంటుంది వాళ్ళకు. లేకపోతే అమ్మానాయినల వెంట పనికి పోవడమే.

వాళ్ళలో ఒక పిల్ల గురించి చెప్పాలి. తొమ్మిదో తరగతి, గొర్లు కాసేవాళ్ళ బిడ్డ. చివరి మూలన, స్నానాల గది వైపు ఉండేది ఆమె మంచం. నోరు చాలా చురుకు, లెక్కలు అంతకంటే చురుకు. ఒక వానాకాలం సాయంత్రం ఆ పిల్ల నోటుబుక్కులో వృత్తం గీస్తుంటే పైనుంచి చుక్క రాలి సరిగ్గా మధ్యలో పడింది. తల ఎత్తకుండానే, "టీచర్, కేంద్రం మీదనే పడ్డది, సూడుండ్రి. కంపాస్ అక్కర్లే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మరుసటి రోజు పోయి దూలాన్ని కర్రతో పొడిచి చూస్తే, రొట్టెపిండిలాగా పొడి రాలింది.

బోర్డింగు చూసుకునే సిస్టర్ గారు నా తర్వాత అయిదారేళ్ళకు అక్కడ చదువుకున్నామె. ఆ ఏడాది క్రిస్మస్ అయ్యాక నన్ను వంటగదిలోకి పిలిచి చెప్పింది. "పెద్దమ్మగారు ఖరాఖండిగ చెప్పిన్రక్కా. బడి తెరిచే లోపల కప్పు బాగుచెయ్యకుంటే పిల్లల్ని చేర్చుకోవద్దట. మీద పడితే ఎవరు జవాబుదారీ అంటున్నరు." పెద్దమ్మగారంటే సిస్టర్ల మఠానికి పెద్ద, ఆమె మాటలో తప్పేమీ లేదు. అంటే బడి తెరిచే నాటికి కప్పు కావాలి. లేకపోతే ఆ పిల్లకు పదో తరగతి లేదు. లెక్క అంతే.

అందుకే విరాళాల ప్రచారం అన్నప్పుడు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. ఆదివారం పూజ అయ్యాక బంగళా వరండాలో మీటింగు. కొత్తగా బదిలీ అయి వచ్చిన ఫాదర్ గారు, సిస్టర్, నేను, మరికొందరు కమిటీ సభ్యులు, మా చైర్మన్. ఈ చైర్మన్ మా ఊరి పిల్లవాడే. షాద్‌నగర్ చుట్టుపక్కల ప్లాట్లు అమ్మి బాగా పైకొచ్చాడు. నన్ను అక్కా అంటాడు, ఎదురుపడితే కారాపి దిగుతాడు, చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

నేను నా పథకం చెప్పాను. ముందు బోర్డింగు కప్పు, తర్వాతే మిగతావన్నీ. బోర్డింగులో చదివి హైదరాబాద్‌లో నౌకరీలు చేస్తున్న ఆడవాళ్ళ ఇళ్ళకు స్వయంగా పోదాం, కరపత్రం ఇద్దాం, వాట్సాప్ గ్రూపులో దూలం ఫోటోలు పెడదాం. చైర్మన్ ఓపిగ్గా విన్నాడు.

"అక్కా, నువ్వు చెప్పింది బరాబర్. గాని కప్పుకు ఎవడిస్తడు?"

"ఎందుకియ్యరు?"

"కప్పు మీద పేరేడ రాస్తం? ఎవనికి గనిపిస్తది?"

అందరూ తలలూపారు. ఫాదర్ గారు కూడా ఊపారు. కాబట్టి ప్రచారం పేరు కనిపించే వస్తువులతో మొదలైంది. రోడ్డు మీద కమాను. గుడిలో కొత్త టైల్సు. మరియమ్మ తల్లి గుహకు రంగులు, దాని చుట్టూ స్టీలు కడ్డీలు. ప్రతిదానికీ దాతలు పోటీపడి వచ్చారు. కమానుకు ఇద్దరొచ్చారు, ఒక స్తంభం మీద ఒకరి పేరు, రెండో దాని మీద ఇంకొకరి పేరు. నేను మాత్రం ప్రతి ఆదివారం లేచి కప్పు, కప్పు అని అరిచేదాన్ని. నేను లేస్తుంటే వెనక బెంచీల్లో మగవాళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు.

ఒకనాడు ఇక కడుపు రగిలిపోయి అన్నాను. "అంతగా అయితే దూలాల మీద రాయించుకోండ్రి మీ పేర్లు. పిల్లలు మంచం మీద పండుకోని పైకి సూసి రోజూ చదువుకుంటరు." ఎత్తిపొడుపుగా అన్న మాట అది. చైర్మన్ ముఖం వెలిగిపోయింది. లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంత మంచి ఆలోచన ఇన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవా అక్కా."

మా గుడిలో కొత్త పంటల పండుగ రోజు పూజ తర్వాత వేలంపాట ఉంటుంది. జనం కానుకగా తెచ్చిన కోళ్ళు, గుమ్మడికాయలు, పల్లీల బస్తా పాట పెడతారు. గుమ్మడికాయ బజారు ధరకు ఎన్నో రెట్లు పోతుంది, ఎందుకంటే పాడేది గుమ్మడికాయ కోసం కాదు, మైకులో పేరు వినపడటం కోసం. ఆ ఏడు కోళ్ళ తర్వాత దూలాలు పాట పెట్టారు. తలుపు మీది దూలం కోసం అన్నదమ్ములిద్దరు మాట్లాడుకోకుండా అయ్యారు. నడిమి దూలం చైర్మన్ తన నాయిన పేరు మీద పాడుకున్నాడు. గుడి వైపు దూలం హైదరాబాద్ నుంచి ఎవరో ఫోనులో పాడి తీసుకున్నారు. నాకు నచ్చిందని చెప్పను. కానీ దూలాల డబ్బు వస్తోంది, కప్పు వస్తుంది, ఆ పిల్ల పదో తరగతి చదువుతుంది. పళ్ళు బిగించి కూర్చుని చప్పట్లు కూడా కొట్టాను.

ఒక్క దూలం మిగిలింది. స్నానాల గది మీది మూల దూలం. చైర్మన్ మైకులో ఎంత బతిమాలినా జనం నేల చూపులు చూశారు. చివరికి ఒక పెద్దాయన లేచి, "స్వర్గానికి పోయిన మా అమ్మ పేరు బాత్రూం మీద రాయమంటవా బిడ్డా" అని కూర్చున్నాడు. నవ్వులతో వేలం ముగిసింది.

ఎండాకాలం సెలవులివ్వగానే పెంకులు దింపారు. పాత దూలాలు తీస్తుంటే చెద బొర్రలు చూసి మేస్త్రీ బుగ్గలు నొక్కుకున్నాడు. కొత్త వేప దూలాలు చిత్రిక పట్టించి, కింది వైపు తెల్ల రంగుతో పేర్లు రాయించి, ఒక్కొక్కటే ఎక్కించారు. మూల దూలం దగ్గర పని ఆగింది. పాటలో పోని దూలానికి మొత్తం నిధిలోంచి తీసే అధికారం ఎవరికీ లేదట. ఎవరి దూలం వాళ్ళ కానుకట. మేస్త్రీ ఆదివారం మీటింగుకు వచ్చి చెప్పాడు. "ఆ మూల ఎక్కకుంటే వాసాలు పరిసేది లేదమ్మా. పెంక ఎక్కేది లేదు."

నేను ఇస్తానన్నాను. అక్కడికక్కడే అన్నాను.

"పేరెవరిది రాయాలక్కా?" చైర్మన్ అడిగాడు.

"ఎవరిదీ వద్దు. దూలం ఎక్కియ్యుండ్రి."

"పేరు లేకుంటె ఎట్ల? మిగతావి రాసి అదొక్కటి రాయకుంటె, డబ్బులేడికెల్లి తెచ్చినవ్ అని నన్నడుగుతరు."

"అయితే నా పేరు రాయి."

వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంతమందికి చదువు చెప్పిన టీచర్ పేరు బాత్రూం మీద రాస్తే కమిటీకి అప్రతిష్ఠ అన్నారు. జనం నవ్వుతారన్నారు. నా గౌరవం కోసమే నా దూలం వద్దన్నారు. అంత గౌరవం నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ఎవరో 'దేవునికి స్తోత్రం' అని రాద్దామన్నారు. ఫాదర్ గారు నొచ్చుకున్నారు, దేవుని పేరు అక్కడ తగదన్నారు. పాత స్వాములవారి పేరు అన్నారు ఇంకొకరు. ఆయన్ను అవమానించడమే అన్నారు వేరొకరు. వచ్చే ఆదివారం తేలుద్దామన్నారు. ఆ ఆదివారం కమాను ప్రారంభం ఉండి తీరలేదు. తర్వాతి ఆదివారం చైర్మన్ ఇంట్లో పెళ్ళి. దూలం మాత్రం చిత్రిక పట్టి, ముఖం మీద ఏ రాతా లేకుండా, గోడకు ఆనించి ఉంది. ఎదురుచూసి విసిగిపోయి మేస్త్రీ షాద్‌నగర్‌లో అపార్ట్‌మెంట్ పని ఒప్పుకుని సామాను సర్దుకున్నాడు. నేను ఫాదర్ గారి దగ్గరికి పోయి, "ఫాదర్, మీరొక్క మాట అనుండ్రి, అయిపోతది" అన్నాను. ఆయన, "కొత్తగా వచ్చిన నేను. అందర్నీ కలుపుకొని పోవాలె గద టీచర్" అన్నారు. ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ తీరలేదు.

బడి తెరిచే నాటికి వాన ముందే దిగింది. పేర్లున్న దూలాలు తడుస్తున్నాయి, వాటి కింద ఇనుప మంచాలు తడుస్తున్నాయి. ట్రంకుపెట్టెలతో పిల్లలు దిగడం మొదలైంది. నా లెక్కల పిల్లను వాళ్ళ నాయిన బండి మీద తెచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో పెట్టె. లోపలికొచ్చి పైకి చూశాడు.

"కప్పే లేదు గదమ్మా."

"వస్తదయ్యా. జర వారం పది రోజులు ఓపిక పట్టు."

"ఏడ ఉంటరమ్మా గన్ని రోజులు? వాన మొదలైతే మేం గొర్లకే కొట్టం కప్పుతం."

పిల్ల పెట్టె మీద కూర్చుని, మూలన తన మంచం ఉన్న చోట నిలిచిన నీళ్ళను చూస్తోంది. నేను గుడికి పరుగెత్తాను. అక్కడే ఉన్న చైర్మన్‌ను పట్టుకుని, నాలుగు రోజులు పిల్లల్ని గుడిలో పండుకోనివ్వమన్నాను. ఫ్యాన్లున్నాయి, లైట్లున్నాయి, కప్పుంది.

"గుడిలనా అక్కా? కొత్త టైల్స్. ట్రంకుపెట్టెలు గుంజితె గీతలు పడ్తయ్."

"గీతలు పడితే పడనీ. టైల్స్ కోసం వచ్చిండా యేసు ప్రభువు?"

"దాతలేమనుకుంటరు? పేరు రాయించుకున్నరు గద వాళ్ళు."

ఆ రోజు నేను అతన్ని అన్న మాటలు ఇక్కడ రాయను. గుడి ముందు నిలబడి అన్నాను, మరియమ్మ తల్లి గుహ ముందు, కొత్త స్టీలు కడ్డీల పక్కన అన్నాను, ఊరంతా విన్నది. వెనక్కి వచ్చేసరికి సిస్టర్ గారి ఫోనుకు పెద్దమ్మగారి మాట వచ్చేసింది. ఒక్క పిల్లను కూడా చేర్చుకోవద్దని. ఏడుస్తూనే సిస్టర్ పెట్టెలన్నీ బండ్లకెత్తించింది. గొర్లాయన నాకు దండం పెట్టి బండి తిప్పాడు. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యూపింది.

అంత జరిగాక కమిటీకి రోషం వచ్చింది. నా నోటికి భయపడ్డారో, ఊరి నోటికి భయపడ్డారో తెలియదు. ఒక్క మీటింగులో తేల్చేశారు. మూల దూలం డబ్బు కమిటీ నుంచే పెడతారు, దాని మీద 'బోర్డింగు పిల్లలు' అని రాయిస్తారు. ఎవరికీ అభ్యంతరం రాలేదు. తాతముత్తాతల పేర్లకు, దేవుడి పేరుకు, టీచర్ పేరుకు పనికిరాని చోటు పిల్లల పేరుకు పనికొచ్చింది. మేస్త్రీని బతిమాలి తెచ్చారు. శ్రావణం గడిచేసరికి పెంకు ఎక్కింది. బిషప్ గారు వచ్చి తీర్థం చల్లారు. పొగడకూడదు గానీ కప్పు చక్కగా వచ్చింది.

ఆ వారమే గొర్లాయనకు ఫోను చేశాను. పిల్లను తీసుకురమ్మని, సిస్టర్ బడివాళ్ళతో మాట్లాడిందని, తప్పిపోయిన పాఠాలు నేనే చెప్తానని అన్నాను. ఆయన అన్నాడు, "సీడుపత్తి చేన్ల ఉన్నమమ్మా. క్రాసింగు పని నడుస్తాంది, విత్తనం కోసం పువ్వుకు పువ్వు రుద్దేది. పిల్ల చేతులు చిన్నయి, పువ్వు మంచిగ పట్టుకుంటది. మాటిచ్చినం. వచ్చే ఏడు సూద్దాం." తర్వాత పిల్లకు ఇచ్చాడు.

"టీచర్, కప్పు అయ్యిందా?"

"అయ్యింది బిడ్డా."

"నా మూల దూలం మీద ఎవరి పేరు రాసిన్రు?"

"మీదే. బోర్డింగు పిల్లలు అని."

పకపకా నవ్వింది. "బాత్రూం మీదనా టీచర్?" అని ఇంకా నవ్వింది. వెనక ఎవరో ఆడమనిషి పని చూడమని కేకేస్తే ఫోను పెట్టేసింది. తరువాత నేను ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను కలవలేదు.

కొన్నాళ్ళకు చైర్మన్ ఫోను. గుడి ముందు అన్ని మాటలన్నా మనసులో పెట్టుకోలేదు పాపం, అక్కా అనే పిలిచాడు. దాతలకు పంపాలట, పిల్లలు మంచాల మీద పండుకుని దూలాల మీది పేర్లు చదువుతున్నట్టు ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టాలట. నువ్వే అన్నవు గదక్కా, గుర్తున్నదా అన్నాడు. సరే అన్నాను.

మధ్యాహ్నం పోయి బోర్డింగు తాళం తీయించాను. కొత్త వేప వాసన. ఇనుప మంచాలు గోడ వెంట వరసగా ఉన్నాయి, ఒక్కదాని మీదా పరుపు లేదు. వాకిట్లో నిలబడి అన్ని మంచాలూ అన్ని పేర్లూ పడేలా ఫోటో తీసి, కింద ఒక్క అక్షరం రాయకుండా గ్రూపులో పెట్టాను. సిగ్గుతో చస్తారు అనుకున్నాను. ఫోను చేతిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాను.

దండాలు వచ్చాయి. పూలగుత్తులు వచ్చాయి. 'ప్రభువుకు స్తోత్రం' అని వరసగా వచ్చాయి. హైదరాబాద్ నుంచి ఎవరో గది చాలా నీట్‌గా ఉందన్నారు. మంచాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. చివర్లో చైర్మన్ గొంతు వచ్చింది, వాయిస్ మెసేజ్.

"సూపర్ అక్కా. జర లైటేసి ఇంకోటి తీయరాదు, నడిమి దూలం మీద నాయిన పేరు సాఫ్ గనిపిస్తలేదు."